ముప్పు పక్కన ముంగిలి



కిందటి నెలలో ఒక ఆదివారం రెండో పూజ అయ్యాక పిల్లల సత్యోపదేశ తరగతికి వెళ్లాను. ఆ రోజు పాఠం సృష్టి గురించి. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి నిలబడి, "ఫాదర్, మా సాంఘికశాస్త్రం పుస్తకంలో అగ్నిపర్వతం బొమ్మ ఉంది. దాని కిందనే ఊళ్లున్నాయి. ఎప్పుడో ఒకప్పుడు పేలుతుందని తెలిసి కూడా జనం అక్కడే ఎందుకుంటారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక బల్ల మీద నుంచి ఒక పిల్లవాడు "బుర్ర లేక" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనివాడు ఒక్కడే. కిటికీ పక్కన కూర్చున్న ఆ బాబు వాళ్ల ఇల్లు మా విచారణలో నాలా గట్టు మీద ఉంది. తరగతి అయ్యాక వాడు నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు: "ఫాదర్, అయితే మాకూ బుర్ర లేనట్టేనా?"

ఆ క్షణంలో "అదేం లేదులే నాన్నా" అని తల నిమిరి పంపించాను. అది జవాబు కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వారం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ అమ్మాయి ప్రశ్నకు భూగోళశాస్త్రం చెప్పే జవాబు తేలికే. ఇటలీ దేశంలో నేపుల్స్ నగరం పక్కన వెసూవియస్ అనే అగ్నిపర్వతం ఉంది. క్రీ.శ. 79లో పొంపేయి, హెర్క్యులేనియం నగరాలను పూడ్చిపెట్టింది అదే. 1631 డిసెంబరులో మళ్లీ పేలి వేలమందిని పొట్టన పెట్టుకుంది. చివరిసారి 1944లో నిప్పులు కక్కింది. అయినా ఈనాడు మిక్కిలి ప్రమాదకరమని గుర్తించిన పరిధిలోనే 6 లక్షలకు పైగా జనం కాపురముంటున్నారు. 2003లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం, ఇల్లు వదిలి దూరంగా వెళ్లే కుటుంబానికి 30,000 యూరోల వరకు ఇస్తామంది. కదిలినవాళ్లు కొద్దిమందే. కొండ కక్కిన బూడిద కాలక్రమంలో అరిగి సారవంతమైన మట్టి అవుతుంది. ఆ నేలలో ద్రాక్ష, టమాటా బాగా పండుతాయి. ఆ ద్రాక్షతో చేసే సారాయానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'లాక్రిమా క్రిస్తి', అంటే క్రీస్తు కన్నీరు. భయపెట్టే కొండే అన్నమూ పెడుతుంది.

మనమూ ఆ అన్నం తింటున్నవాళ్లమే. వికారాబాద్ వైపు, ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి ఎక్కడిదనుకున్నారు? సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పొంగి ప్రవహించిన లావా గడ్డకట్టి, రాయి అయి, ఆ రాయి అరిగి అయిన మట్టే అది. ఆ నిప్పు ఎప్పుడో చల్లారింది కాబట్టి మనకు భయం లేదు. నేటికీ రగులుతున్న అగ్నిపర్వతం మన దేశంలో అండమాన్ సముద్రంలోని బ్యారెన్ ద్వీపం ఒక్కటే. అక్కడ మనుషులు లేరు. కాబట్టి అగ్నిపర్వతం అంచున బతికే తెలుగువాడి కోసం వెతకడం దండగ. కానీ సముద్రం అంచున బతికే తెలుగువాడు? నది ఒడ్డున? నాలా గట్టున? వాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో మా అమ్మమ్మ ఒకతె.

మా అమ్మమ్మది దివిసీమ. కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య, సముద్రానికి ఆనుకుని ఉన్న లంక అది. 1977 నవంబరు 19, శనివారం. వరి కోతకు వచ్చిన రోజులు. ఆ రోజు తుపానుతో పాటు ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని చూసినవాళ్లు చెప్పేవారు. సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవారు 10,000 దాకా ఉన్నారు. అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని ఆ ప్రాంతం వాళ్లు ఇప్పటికీ అంటారు. పెద్దలకు గుర్తుండే ఉంటుంది, సినిమా నటులు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు బాధితుల కోసం జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు.

అప్పుడు నాకు ఆరేళ్లు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పక్కా మేడ మీదికి ఎక్కి అమ్మమ్మ బతికింది. ఆమె తమ్ముడి కుటుంబంలో ఎవరూ మిగల్లేదు. మా నాన్న వెళ్లి ఆమెను మా ఊరికి తీసుకొచ్చాడు. నెల తిరక్కుండానే, క్రిస్మస్ ఇంకా రాకముందే, "నన్ను మా ఊళ్లో దిగబెట్టండి" అని పోరు మొదలుపెట్టింది. అమ్మ ఏడ్చింది. నాన్న కోప్పడ్డాడు. "చావు నోట్లోంచి బయటపడి మళ్లీ అక్కడికే పోతానంటావేమిటి?" అన్నాడు. ఆమె చెప్పిన మాట నాకింకా చెవుల్లో ఉంది: "ఉప్పెన ఎప్పుడో వస్తుంది అల్లుడూ. ఆకలి రోజూ వస్తుంది. అక్కడ నాకు ఎకరంన్నర ఉంది. మీ మావయ్య సమాధి ఉంది. ఇక్కడ నాకేముంది, అమ్మాయి వండి పెడితే తినడం తప్ప?"

ఉప్పునీళ్లు నిలిచి పొలం చెడిపోయినా ఆమె వెళ్లింది. ఆమె ఒక్కతే కాదు, మిగిలినవాళ్లంతా వెళ్లారు. అంతకు నూరేళ్లకు పైగా ముందు, 1864 నవంబరు 1న, సరిగ్గా సకల పునీతుల పండుగ నాడు, మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తి 30,000 మందిని బలిగొన్నది. అప్పుడూ మిగిలినవాళ్లు ఆ తీరాన్ని వదల్లేదు. వీళ్లంతా బుర్ర లేనివాళ్లేనా?

పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఒక ఉదాహరణ చదివాను. ఓడ తుపానులో చిక్కుకుంటుంది. బరువు తగ్గించకపోతే మునిగిపోయేలా ఉంది. కెప్టెను సరుకంతా సముద్రంలో పారబోయిస్తాడు. అతను ఆ పని ఇష్టపడి చేశాడా, ఇష్టం లేకుండా చేశాడా? సరుకు పారబోయాలని ఎవరికీ ఉండదు. అలాగని ఎవరూ అతని చెయ్యి పట్టుకుని చేయించలేదు. ఆ పరిస్థితిలో, ఆ గడియలో, అతనే ఎంచుకున్నాడు. ఇలాంటి పనులు రెండూ కలిసినవి అంటాడు అరిస్టాటిల్, అయితే ఎంచుకున్న పనుల వైపే మొగ్గుతాయంటాడు. పునీత తోమాసు అక్వినాసు గారు కూడా భయం వల్ల చేసే పనుల గురించి చెబుతూ ఈ ఉదాహరణనే తీసుకుని దాదాపు ఇదే తీర్పు చెప్పారు.

అప్పట్లో పరీక్ష కోసం బట్టీ పట్టిన ఈ పాఠం నాకు అర్థమైంది మాత్రం చాలా ఏళ్లకు, అమ్మమ్మను తలుచుకున్నప్పుడు. కోరుకోవడం వేరు, ఎంచుకోవడం వేరు. ఉప్పెన పక్కన ఉండాలని ఆమె కోరుకోలేదు. పొలం, సమాధి, ఇరుగుపొరుగు, తన చేత్తో తాను వండుకునే మర్యాద, ఇవన్నీ ఒక తక్కెడలో పెట్టింది. ఎప్పుడో వచ్చే చావును రెండో తక్కెడలో పెట్టింది. తూచి ఎంచుకుంది. ఆ తూకం మనకు నచ్చకపోవచ్చు. కానీ తూచలేదని అనడానికి వీల్లేదు. బుర్ర లేనివాడికి తక్కెడ ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎంచుకున్నది వాళ్లే గనుక బాధ్యతా వాళ్లదే అని మనం చేతులు దులుపుకోవచ్చా? ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పింది అరిస్టాటిల్ కాదు, మా విచారణలోని ఒక కూలీ మనిషి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మన జంటనగరాల్లో ఎవరూ మరిచిపోరు. ఆ రాత్రి నాలా పొంగి గట్టు మీద ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. పదిహేను కుటుంబాలు తడి బట్టలతో గుడి హాలుకు వచ్చాయి. టీ గ్లాసు చేతికిస్తూ ఒకాయనతో అన్నాను, "చెప్పాను కదయ్యా, ఆ నాలా పక్కన ఉండొద్దని." ఆయన గ్లాసు తీసుకుని, తల వంచుకుని, ఏ కోపమూ లేకుండా, "ఎక్కడుండాలో కూడా చెప్పండి ఫాదర్" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మేడ మీద గది అద్దె ఎంతో నాకు తెలియదు. ఆయన భార్య పాచిపనికి వెళ్లే నాలుగిళ్లూ ఆ నాలాకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయనీ, ఊరి చివరకు మారితే బస్సు ఛార్జీలకే ఆ జీతం సరిపోతుందనీ నేనెప్పుడూ ఆలోచించలేదు. కెప్టెను చుట్టూ ఉన్న తుపాను ప్రకృతిది. ఈయన చుట్టూ ఉన్న తుపానులో సగం మనుషులు చేసినదే. అద్దెలు పెంచింది మనుషులు. నాలాను ఇరుకు చేసింది మనుషులు. చెరువు శిఖం భూమిని ప్లాట్లు కొట్టి అమ్మింది మనుషులు, కొన్నది మనుషులు. ఆ మనుషుల్లో పూజకు వచ్చేవాళ్లు లేరని నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. చెరువు నీడన విల్లా కట్టుకున్నవాడూ, నాలా గట్టున రేకుల షెడ్డు వేసుకున్నవాడూ ఇద్దరూ ముప్పు పక్కనే ఉన్నారు. కానీ ఇద్దరి ఎంపికా ఒకటి కాదు. ఒకడికి పది దారులున్నాయి. రెండోవాడికి ఉన్నవి రెండే.

లూకా సువార్త 13వ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. సిలోయములో బురుజు కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులు కనుకనే అలా జరిగిందని జనం అనుకుంటుంటే ప్రభువు ఒప్పుకోలేదు. కూలిన బురుజు కింద పడి ఉన్నవాళ్ల మీద తీర్పు చెప్పొద్దని, నిలబడి చూస్తున్నవాళ్లు తమ బతుకులు దిద్దుకోవాలని చెప్పాడు. యోబు స్నేహితులు చేసిన తప్పూ ఇదే. వాళ్లు ఓదార్చడానికి వచ్చి విచారణ జరిపారు. ఆ రాత్రి గుడి హాలులో టీ గ్లాసుతో నిలబడి నేను చేసిందీ అదే.

అయితే దీనికి ఎదురు దిక్కున ఇంకో తప్పు ఉంది. "అంతా దేవుని చిత్తం, రాసి ఉన్నది తప్పుతుందా" అని ఊరుకోవడం. 1755లో, అదీ సకల పునీతుల పండుగ నాడే, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. గుళ్లలో ప్రార్థనలో ఉన్నవాళ్లు కూడా చాలామంది చనిపోయారు. దేవుడు మంచివాడైతే ఇలా ఎందుకు జరగనిచ్చాడని వోల్టేర్ కవిత రాశాడు. మరుసటి ఏడాది రూసో ఆయనకు ఉత్తరం రాస్తూ, ఆరేడు అంతస్తుల ఇళ్లను అంత ఇరుకుగా కట్టింది ప్రకృతి కాదు కదా అని గుర్తుచేశాడు. వోల్టేర్ ప్రశ్నను రూసో పూర్తిగా తీర్చాడని నేననను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ జవాబు చాలదు. కానీ దేవుని మీద వేసే ముందు మన వంతు ఎంతో లెక్క చూసుకోవాలన్నది మాత్రం నిజం.

ఆ లెక్క మన తీరంలోనే కనిపిస్తుంది. 1977 తర్వాత కోస్తాలో తుపాను షెల్టర్లు కట్టారు. హెచ్చరికల పద్ధతి బాగుపడింది. 1990 మే 9న దాదాపు అంత భయంకరమైన తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరాన్ని దాటింది. ఈసారి 6 లక్షలకు పైగా జనాన్ని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపే. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా దేవుని చిత్తం మారినందువల్ల వచ్చింది కాదు. మనుషులు తమకు దేవుడిచ్చిన బుద్ధిని వాడినందువల్ల వచ్చింది. అక్వినాసు గారు వివేకాన్ని నైతిక సుగుణాలన్నిటికీ దారి చూపేదిగా ఊరికే చెప్పలేదు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని సైతాను చెప్పినప్పుడు ప్రభువు దూకలేదు. దేవుణ్ణి నమ్మడం వేరు, దేవుణ్ణి పరీక్షించడం వేరు. నేపుల్స్ జనం తమ పాలక పునీతుడు జనుయారియుసు గారిని వేడుకుంటారు, అది మంచిదే. కానీ వాళ్ల కోసం ఊరు ఖాళీ చేయించే పథకం కూడా సిద్ధం చేసి పెట్టారు. ఒకటి ఉంది కదా అని రెండోది మానకూడదు.

మా అమ్మమ్మకు అక్వినాసు గారెవరో తెలియదు. కానీ 1977 తర్వాత ఆమె ఇంట్లో దూలానికి ఎప్పుడూ ఒక మూట వేలాడుతుండేది. రెండు చీరలు, పొలం కాగితాలు, జపమాల, అటుకులు, అగ్గిపెట్టె. 1990లో రేడియోలో హెచ్చరిక వినగానే ఆ మూట చంకన పెట్టుకుని, మంచం దిగలేని పొరుగింటి ముసలమ్మను ఎడ్లబండి ఎక్కించి, పక్క ఊరి షెల్టరుకు వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి ఇంటి కప్పు లేదు. మళ్లీ తాటాకు కప్పించుకుంది. సెలవులకు వెళ్లినప్పుడు నేనడిగాను, "ఈ ఊరు వదలనని మొండికేశావు కదా, మరి తుపానంటే అంత తొందరగా ఎందుకు వెళ్లిపోయావు?" అని. "ఉండటం వేరు నాయనా, మొండిగా కూర్చోవడం వేరు. ఉండాలంటే లేచి పోవడం కూడా తెలియాలి" అంది.

మన జంటనగరాల కథా అలాంటిదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఇప్పటికీ ఉంది. ఆ రోజు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. నగరం మూసీని వదిలి పారిపోలేదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనూ లేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే తరతరాలకు తాగునీరిచ్చాయి. ముప్పు పక్కన బతకడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అది ఊరంతా కలిసి చేయవలసిన పని.

2024లో మూసీ నదీగర్భంలోని ఇళ్లకు గుర్తులు పెట్టి, కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించినప్పుడు మన విచారణల్లో కూడా వాదనలు జరిగాయి. "మంచి ఇల్లు ఇస్తే ఏడుస్తారెందుకు?" అన్నారు కొందరు. అమ్మమ్మ తక్కెడ గుర్తున్నవాళ్లకు ఆ ఏడుపు అర్థమవుతుంది. ఇల్లంటే గోడలే కాదు. పని, బడి, పొరుగు, అప్పు పుట్టే కొట్టు, అన్నీ కలిస్తేనే ఇల్లు. ప్రాణం కాపాడటానికి మనిషిని కదిలించవలసిన సందర్భాలు ఉంటాయి. ముఖ్యంగా చిన్నపిల్లలున్న చోట. తన ప్రాణం గురించి పెద్దవాడు చేసే తూకం వేరు, నిద్రపోయే బిడ్డ తరఫున చేసే తూకం వేరు. బిడ్డ ఏదీ ఎంచుకోలేదు. కానీ కదిలించేవాళ్లు ఆ మనిషి బతుకును కూడా వెంట కదిలించాలి. లేకపోతే నీటి ముప్పు తప్పించి ఆకలి ముప్పులో దించినట్టే.

కాబట్టి "వాళ్లు అక్కడెందుకున్నారు?" అన్న ప్రశ్నను నేను మానుకున్నాను. దాని బదులు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. అక్కడ ఉండక తప్పనివాళ్ల కోసం నేను సిద్ధం చేసిన మూట ఏది? వాళ్ల ముందున్న రెండు దారులను మూడు చేయడానికి నా వల్ల ఏమవుతుంది?

మా విచారణలో మొదలుపెట్టినవి చిన్న పనులే. వానాకాలంలో గుడి హాలు తాళంచెవి నాలా గట్టున ఉండే ఇద్దరి దగ్గర కూడా ఉంటుంది, నన్ను నిద్ర లేపవలసిన పని లేదు. నడవలేని ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో యువజనుల దగ్గర పట్టిక ఉంది. పిల్లల సర్టిఫికెట్లు, రేషను కార్డు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టి పైన పెట్టుకోమని ప్రతి జూన్‌లో ప్రకటిస్తున్నాం. గట్టు మీద కాకుండా మేడల్లో ఉండే మనకు చెప్పేది ఒకటుంది. మనం నాలాలో పారేసే చెత్త సంచి వాళ్ల గుమ్మంలో తేలుతుంది. ప్లాటు కొనేముందు ఆ నేల ఒకప్పుడు చెరువేమో విచారించండి. వాటా పెట్టేముందూ విచారించండి. ఖాళీగా ఉన్న గదిని కొంచెం తక్కువ అద్దెకు ఒక కూలీ కుటుంబానికి ఇవ్వగలరేమో ఆలోచించండి. ఈ చివరిది అడిగినప్పుడు ఇప్పటివరకు ముందుకొచ్చింది ఒక్క కుటుంబమే. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతున్నాను.

ఈ నవంబరు మాసం మృతులను స్మరించుకునే మాసం. 19వ తేదీ పూజలో దివిసీమలో పోయినవాళ్లను, మూసీ వరదల్లో పోయినవాళ్లను తలుచుకుందాం. వచ్చే ఆదివారం సత్యోపదేశ తరగతిలో ఆ ప్రశ్న నేనే మళ్లీ ఎత్తుతాను. ముందు, నవ్వినందుకు పిల్లలందరి ఎదుట ఆ బాబును క్షమాపణ అడుగుతాను. ఆ తర్వాత, వాన పడ్డ రాత్రి వాళ్లమ్మ ఏమేం సర్దుతుందో, నీళ్లు ఎంతవరకు వస్తే బయల్దేరాలో, తమ్ముణ్ణి ఎవరెత్తుకుంటారో వాణ్ణే చెప్పమంటాను. ముప్పు పక్కన ఎలా బతకాలో మా తరగతిలో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.